బెంగళూరులో ఉంటూ తొలి తెలుగు ఆల్బమ్‌ను సొంతంగా చేసి విడుదల చేయడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో పాటలు రాసి, బాణీ కట్టి, తామే పాడుకునే వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: మంచి స్టూడియో ఎక్కడుంది, గంటకు ఎంత తీసుకుంటారు? నిజానికి వరుసలో ఈ ప్రశ్న నాలుగోదో అయిదోదో కావాలి. పాటలు తేలకముందే స్టూడియో గంటలు కొనడం, హక్కుల సంగతి కాగితం మీద పెట్టకముందే మిత్రుల చేత వాయింపించడం, మాస్టర్ ఫైలు (విడుదలకు సిద్ధమైన చివరి ఆడియో) చేతికి రాకముందే విడుదల తేదీ ప్రకటించడం అనే మూడు చోట్లే తొలి ఆల్బమ్‌లు ఎక్కువగా ఆగిపోతాయి. కింద చెప్పిన పనులను ఇదే వరుసలో చేయండి.

కావలసినవి

• ల్యాప్‌టాప్, అందులో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. మ్యాక్ ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది. విండోస్ వాడేవారు రీపర్‌ను 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూసుకోవచ్చు.
• రెండు ఇన్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), మైకు, స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర), చెవులను పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అది రికార్డింగుకు పనికిరాదు.
• మందపాటి బొంతలు రెండు.
• పాన్ కార్డు, మీ పేరుతోనే ఉన్న బ్యాంకు ఖాతా.
• ఒక పట్టిక. కంప్యూటర్‌లో చేసుకున్నా, పుస్తకంలో గీసుకున్నా సరే. ఒక్కో పాటకు ఒక్కో వరుస పెట్టి పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో దాని స్పెల్లింగు, రచయిత, స్వరకర్త, శ్రుతి, వేగం, వాయించినవారి పేర్లు, వారి సంతకం వచ్చిందా లేదా అన్న వివరాలు రాయండి. విడుదల రోజు వరకు మీరు ఎక్కువసార్లు తెరిచేది దీన్నే.

1. పాటలు తేల్చుకోండి

ఏడు పాటలుగానీ, మొత్తం 30 నిమిషాలకు మించిన నిడివిగానీ ఉంటే స్ట్రీమింగ్ సంస్థలు దాన్ని ఆల్బమ్‌గా చూపుతాయి. నాలుగు నుంచి ఆరు పాటలతో అరగంటలోపు ఉంటే అది ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, అవుతుంది. ఎనిమిది పాటలు చేతిలో ఉండి, వాటిలో మూడు ఇంకా పల్లవి దగ్గరే ఆగి ఉంటే, ఈపీగా తీసుకురావడమే మేలని నా అభిప్రాయం. సగం ఉడికిన చరణాన్ని స్టూడియోలో పూర్తి చేద్దామనుకుంటే గంటల లెక్కన డబ్బు కట్టి సాహిత్యం రాసుకుంటున్నట్టే.

ప్రతి పాటకూ ఫోన్‌లోనే అయినా సరే, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా పాడిన డెమో తీసుకోండి. వారం తర్వాత విని శ్రుతి, వేగం ఖాయం చేసి పట్టికలో రాయండి. ఈ దశలో ఎక్కువమంది చేసే పొరపాటు శ్రుతిని కూర్చుని గిటారు మీద నిర్ణయించుకోవడం. అనుపల్లవిలో పైస్థాయి తాకేచోట గొంతు చిట్లుతుంటే అర శ్రుతి దించండి. ఆ స్వరం వరుసగా నాలుగుసార్లు పాడినా నిలబడితేనే శ్రుతి కుదిరినట్టు.

2. హక్కులను కాగితం మీద పెట్టండి

చట్టం దృష్టిలో ఒక పాటలో మూడు వేర్వేరు ఆస్తులుంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగు. మీరే రాసి, మీరే బాణీ కట్టి, మీ డబ్బుతోనే రికార్డు చేస్తే మూడూ మీవే. అయితే ఇంటర్‌లూడ్ (చరణాల మధ్య వచ్చే వాద్య సంగీతం) కట్టిన మిత్రుడు, వయొలిన్ వాయించిన అమ్మాయి, బీట్ (పాట కింద మోగే సంగీతం) చేసి ఇచ్చిన సహోద్యోగి మధ్యలోకి రాగానే లెక్క మారుతుంది. "వాడుకో మామా" అన్న వాట్సాప్ సందేశాన్ని నమ్ముకోకండి. భారత కాపీరైటు చట్టం 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్ళకేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్కిస్తారు. స్ట్రీమింగ్ ప్రపంచమంతటా జరుగుతుంది కాబట్టి గడువునూ "ప్రపంచమంతటా" అన్న మాటనూ తప్పనిసరిగా రాయించండి. ఏ పాట, ఏ పని, ఎంత డబ్బు, రాయల్టీలో వాటా ఉందా లేదా అన్న నాలుగు సంగతులతో ఒక పేజీ ఒప్పందం చాలు. మాటలు కుదరనివారితో రికార్డింగుకు ముందే కుదరకపోవడం మంచిది.

ఇంటర్నెట్‌లో కొన్న బీట్ వాడుతుంటే దాని లైసెన్సు చివరిదాకా చదవండి. చవక లైసెన్సుల్లో ఇన్ని స్ట్రీములకే అన్న పరిమితి ఉంటుంది, అదే బీట్‌ను మరో పదిమందికి అమ్మే వీలూ ఉంటుంది.

సినిమా పాటల కవర్లు, అంటే వాటిని మళ్ళీ మీరు పాడినవి, తొలి ఆల్బమ్‌లో పెట్టకండి. వాటి అనుమతుల పని వేరే, అది ఆల్బమ్‌ను నెలల తరబడి నిలబెడుతుంది. కీర్తనల విషయంలో ఇంకో చిక్కుంది. అన్నమయ్య సాహిత్యం 15వ శతాబ్దిది, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. కానీ రాగిరేకుల మీద దొరికింది సాహిత్యమూ రాగం పేరూ మాత్రమే. మనం చిన్నప్పటి నుంచి విన్న బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ఉదాహరణకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు. స్వరకర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళపాటు రక్షణ ఉంటుంది కాబట్టి ఆయన స్వరపరచిన బాణీలకు 2039 ముగిసేదాకా అనుమతి అవసరమే. కీర్తన పాడాలని ఉంటే బాణీ మీరే కొత్తగా కట్టుకోండి.

3. గొంతును ఇంట్లో రికార్డు చేయండి

డ్రమ్స్, మృదంగం, తబలా వంటివి స్టూడియోలోనే బాగుంటాయి. గొంతును మాత్రం, గది కుదిరితే, ఇంట్లోనే తీసుకోమంటాను. గంటలు లెక్కపెట్టుకుంటూ పాడే గొంతుకూ తీరిగ్గా పాడే గొంతుకూ తేడా స్పష్టంగా వినిపిస్తుంది.

ముందు గదిని పరీక్షించండి. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పుడు వెనుక "ట్ర్‌ర్" మని సన్నని మోత వస్తే గోడలు శబ్దాన్ని తిప్పికొడుతున్నాయన్నమాట. బట్టల బీరువా తెరిచి, దాని వైపు వీపు పెట్టి నిలబడి, రెండు పక్కలా బొంతలు వేలాడదీసి మళ్ళీ చప్పట కొడితే తేడా మీకే తెలుస్తుంది. గుడ్ల అట్టలు, పలచని ఫోమ్ ముక్కలు గోడకు అంటిస్తే రోడ్డు చప్పుడు ఆగుతుందన్న మాట నమ్మకండి. అవి లోపలి మోతను కొద్దిగా తగ్గిస్తాయేగానీ బయటి ధ్వనిని ఆపలేవు.

బయటి ధ్వనికి మందు వేళ చూసుకోవడమే. మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉండేవారికి పగలంతా నీళ్ళ ట్యాంకర్లు, బోరు మోటార్లు, కుక్కర్ ఈలలు తప్పవు. రాత్రి పదకొండు దాటాక గానీ, తెల్లవారుజామున గానీ పాడండి. చెన్నైలో ఉన్నవారికి లేని సౌకర్యం ఒకటి మీకుంది: సంవత్సరంలో ఎక్కువ రోజులు ఫ్యాను ఆపేసి పాడవచ్చు. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా టేకు తీసేంతసేపూ ఆపేయండి, మళ్ళీ వేయడం మరచిపోకుండా కారు తాళాలో బండి తాళాలో అందులో పెట్టండి.

మైకు ఎంపికలో గది మాటే చెల్లాలి. కండెన్సర్ మైకు సూక్ష్మమైనది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అది మీ గొంతుతో పాటు వీధిని కూడా పట్టుకుంటుంది. సందడి గదిలో డైనమిక్ మైకు దగ్గరగా పెట్టుకుని పాడటమే మెరుగు. కేబుళ్ళు, కనెక్టర్లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. కొనేముందు కదిపి చూసి, గరగర రావడం లేదని నిర్ధారించుకుని డబ్బివ్వండి.

నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉంచి, పాప్ ఫిల్టర్ అడ్డుపెట్టి, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పండి. తెలుగులో "ప"తో పాటు భ, ఫ, ఘ వంటి ఒత్తక్షరాల దగ్గర గాలి మైకును కొడుతుంది. "భారం", "ప్రభాతం" వంటి మాటలు పాటలో ఉంటే ముందు వాటినే పాడి వినండి. "డబ్" మన్న చప్పుడు వస్తే మైకును ఇంకొంచెం పక్కకు తిప్పాలి. మిక్సింగ్‌లో (గొంతునూ వాద్యాలనూ సమపాళ్ళలో కలిపే దశలో) సరిచేద్దామని వదిలేయవద్దు.

రికార్డింగును 24 బిట్లలో, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, ఆల్బమ్ మొత్తానికి అదే కొనసాగించండి. ఒకరు 44.1లో, మరొకరు 48లో చేసి ఫైళ్ళను తప్పుగా తెరిస్తే వేగంతో పాటు శ్రుతి కూడా మారిపోతుంది. అన్నిటికంటే గట్టిగా పాడే వాక్యం మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్‌కూ మధ్య ఉండేలా ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెట్టండి. ఎర్ర దీపం ఒక్కసారి వెలిగినా ఆ టేకును పక్కన పెట్టండి, చిట్లిన ధ్వని తిరిగి బాగుపడదు.

తనిఖీ: గొంతు ట్రాకును మాత్రమే పెట్టి, పాడని చోట్ల హెడ్‌ఫోన్‌లో వినండి. "టిక్ టిక్" మని మెట్రోనోమ్ (వేగం చెప్పే చప్పుడు) వినిపిస్తే హెడ్‌ఫోన్ శబ్దం మైకులోకి కారుతోందని అర్థం. హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించి మళ్ళీ పాడండి.

4. స్టూడియోకు సిద్ధమై వెళ్ళండి

రేటు అడిగేటప్పుడు ఇంజినీరు రుసుము కలిసి ఉందా, జీఎస్టీ అదనమా, ముడి ఫైళ్ళు (మిక్సింగ్ చేయని విడివిడి ట్రాకులు) ఇస్తారా అని మూడూ అడగండి. ముడి ఫైళ్ళు ఇచ్చేది లేదన్న చోటికి వెళ్ళకండి. మీ ట్రాకులన్నీ పాట మొదలయ్యే సున్నా క్షణం నుంచే మొదలయ్యేలా వేవ్ ఫైళ్ళుగా తీసి, ఫైలు పేరులో పాట పేరు, వేగం, శ్రుతి రాసి తీసుకెళ్ళండి. ఇంటికి వచ్చాక ఫైళ్ళను రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి.

5. మిక్సింగ్ చేసేవారికి సాహిత్యం ఇవ్వండి

బెంగళూరులో మీకు దొరికే ఇంజినీరుకు తెలుగు రాకపోవచ్చు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. వాక్యం చివర సన్నగా సాగే "ఉ", "ఇ"లను భాష తెలియనివారు ఊపిరి శబ్దమనుకుని కత్తిరిస్తారు. "నీవు" కాస్తా "నీవ్" అయిపోతుంది. కన్నడిగులైన ఇంజినీరుకు సాహిత్యాన్ని కన్నడ లిపిలో రాసి ఇవ్వండి. అక్షరాలు మన వాటికి దగ్గరే కాబట్టి మీరే రాయగలరు, వారు వేలు పెట్టి చదువుకుంటూ వినగలరు. మిగతావారికి ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కో వాక్యం ఎన్నో సెకనులో మొదలవుతుందో రాసి ఇవ్వండి.

గమకాలున్న పాటకు ఆటోట్యూన్ (శ్రుతిని దానంతటదే సరిచేసే సాఫ్ట్‌వేర్) వేగంగా పెట్టనివ్వవద్దు. గమకం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. శ్రుతి తప్పిన ఒక్క స్వరాన్ని చేత్తో సరిచేయమనండి, లేదా ఆ వాక్యం మళ్ళీ పాడండి.

తనిఖీ చాలా సులభం, కానీ దాదాపు ఎవరూ చేయరు. పాట ఎప్పుడూ వినని తెలుగు మిత్రుణ్ణి కూర్చోబెట్టి, ఫోన్ స్పీకర్‌లో తక్కువ వాల్యూమ్‌లో ఒక చరణం వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. ఖాళీ వదిలిన చోట, తప్పు రాసిన చోట హల్లు వాద్యాల కింద మునిగిపోయిందని గుర్తు. అక్కడ గొంతు పెంచడం కంటే అదే స్థాయిలో మోగుతున్న గిటారునో కీబోర్డునో తగ్గించడం మేలు. తర్వాత కారులో ఒకసారి, మామూలు ఇయర్‌ఫోన్‌లో ఒకసారి వినండి. మార్పులను ఒక్కొక్కటిగా ఫోన్‌లో చెప్పకుండా, నిమిషం, సెకను వేసి ఒకే కాగితంగా పంపండి. ఎన్నిసార్ల మార్పులు రుసుములో కలిసి ఉన్నాయో ముందే తేల్చుకుని ఉంటే మాట పట్టింపులు రావు.

6. మాస్టరింగ్

మిక్సింగ్ అయిన పాటల స్థాయిని చివరిగా సరిచేసి విడుదలకు సిద్ధం చేసేది మాస్టరింగ్. స్పాటిఫై, యూట్యూబ్ పాటలను సుమారు మైనస్ 14 లఫ్స్ (వినిపించే బిగ్గరతనపు కొలత) స్థాయికి సర్ది వినిపిస్తాయి. అంతకంటే ఎంత బిగ్గరగా నొక్కినా అవి తగ్గించేస్తాయి, నొక్కినందువల్ల పోయిన జీవం మాత్రం తిరిగి రాదు. ట్రూ పీక్, అంటే ధ్వని తాకే అత్యధిక స్థాయి, మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. పాటలను విడివిడిగా వేర్వేరు నెలల్లో మాస్టరింగ్ చేయించకండి, అన్నీ సిద్ధమయ్యాక ఒకేసారి ఇవ్వండి. చేతికి వచ్చిన ఫైళ్ళను వేరే పనేదీ పెట్టుకోకుండా ఆల్బమ్ వరుసలో ఒకసారి పూర్తిగా వినండి. చివరి మోత మధ్యలో తెగిందా, పక్కపక్క పాటల మధ్య వాల్యూమ్ కోసం చెయ్యి ఫోన్ మీదికి పోతోందా అన్నవి అప్పుడే దొరుకుతాయి.

7. కవర్, పేర్లు

కవర్ చిత్రం 3000 × 3000 పిక్సెళ్ళ చతురస్రంగా ఉండాలి. దాని మీద ఇన్‌స్టాగ్రామ్ ఐడీ, ఫోన్ నంబరు, వెబ్ చిరునామా, స్ట్రీమింగ్ సంస్థల లోగోలు ఉంటే తిప్పి పంపుతారు. తెలుగు అక్షరాలు వేయిస్తుంటే డిజైనర్ పంపిన చిత్రాన్ని పెద్దది చేసి ప్రతి ఒత్తునూ చూడండి. భారతీయ లిపులకు అమర్చుకోని సాఫ్ట్‌వేర్‌లో "స్వప్నం" అన్న మాటలో వత్తులు కిందికి దిగకుండా పొల్లులతో పక్కపక్కనే నిలబడిపోతాయి. తెలుగు రాని డిజైనర్‌కు అది తప్పని కూడా తెలియదు.

మీ పేరును ముందుగా అన్ని యాప్‌లలో వెతికి చూడండి. సాయికృష్ణ వంటి పేరుతో ఇప్పటికే నలుగురుంటారు, మీ పాట వారి పేజీలోకి వెళ్ళిపోతుంది. ఇంటిపేరో ఊరి పేరో చేర్చి ఒక రూపం ఖాయం చేసి, అక్షరం తేడా లేకుండా ప్రతిచోటా అదే వాడండి. పాటల పేర్లకూ ఇంతే. వెన్నెలను ఇంగ్లీషులో ఒక "ఎన్"తో రాసేవారూ రెండింటితో రాసేవారూ ఉన్నారు, మీ పట్టికలో ఉన్నదే చివరి మాట కావాలి. శీర్షికలో "ఫుల్ సాంగ్", "లిరికల్", "అఫీషియల్" వంటివి చేర్చవద్దు. భాష గడిలో తెలుగు అని ఎంచుకోవడం మరవకండి.

8. డిస్ట్రిబ్యూటర్ ఎంపిక

స్ట్రీమింగ్ సంస్థలకు పాటను చేర్చేది డిస్ట్రిబ్యూటర్. డిస్ట్రోకిడ్ వంటివి ఏడాది చందా తీసుకుంటాయి. చందా ఆపితే, అదనపు రుసుము కట్టనివారి పాటలు తొలగిపోతాయి. సీడీ బేబీ ఒక్కసారి రుసుము తీసుకుని, ఆదాయంలో 9 శాతం ఉంచుకుంటుంది. ఒక్క ఆల్బమ్ చేసి రెండేళ్ళు మౌనంగా ఉండే స్వభావం మీదైతే ఒక్కసారి కట్టేదే నయం. నెలకో పాట వదిలేవారికి చందా లాభం. పాత వ్యాసాల్లో కనిపించే వింక్, రెస్సో యాప్‌లు 2024లో మన దేశంలో మూతపడ్డాయి కాబట్టి వాటి కోసం చూడకండి. జియోసావన్, గానా జాబితాలో ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాలు, అంకెలు కలిసిన ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య వస్తుంది. అది పట్టికలోకి ఎక్కాలి. అమెరికా సంస్థల ద్వారా వెళ్తుంటే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపండి. అది ఇవ్వకపోతే అమెరికా ఆదాయం మీద 30 శాతం కోత పడుతుంది, ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం రాయల్టీకి 15 శాతమే.

హెచ్చరిక: పాటలో ఎవరైనా వాడుకోగల రెడీమేడ్ లూపులు (పదేపదే మోగే చిన్న సంగీతపు ముక్కలు) ఉంటే, మీ ఆడియో వాడిన వీడియోలను దానంతటదే పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీని ఎంచుకోకండి. అదే లూపు వాడిన మరొకరి వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, వారిది మీ మీద పడుతుంది.

9. తేదీ ఇప్పుడు పెట్టండి

అన్ని మాస్టర్లూ, కవరూ, సంతకాలూ చేతిలో ఉన్న రోజు నుంచి కనీసం నాలుగు వారాల తర్వాత వచ్చే శుక్రవారాన్ని ఎంచుకోండి. కళాకారులు తమ పేజీని చూసుకునే స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ప్లేలిస్టుల వారికి పాటను పంపడానికి విడుదలకు కనీసం ఏడు రోజుల గడువుండాలి, పైగా ఒకసారి ఒక పాటనే పంపగలరు. అందుకే ముందు రెండు పాటలను సింగిళ్ళుగా (విడి పాటలుగా) వదిలి, తర్వాత ఆల్బమ్ తేవడం మంచి పద్ధతి. ఆల్బమ్‌లో ఆ రెండింటికీ అదే ఆడియో ఫైలు, అదే పేరు, అదే ఐఎస్‌ఆర్‌సీ ఇస్తేనే పాత స్ట్రీముల లెక్కలు కలిసివస్తాయి. కొత్త సంఖ్య పడనిస్తే మళ్ళీ సున్నా నుంచే.

ఇన్ని వేల స్ట్రీములు తెప్పిస్తామని ఇన్‌స్టాగ్రామ్‌లో పలకరించేవారికి డబ్బు కట్టకండి. దొంగ స్ట్రీములు బయటపడితే పాట తొలగిపోవచ్చు, డిస్ట్రిబ్యూటర్ మీద పడ్డ జరిమానా మీ ఖాతాకు చేరవచ్చు. దానికి బదులు వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి అపార్టుమెంట్ల ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల్లో పాడే అవకాశం అడగండి. మీ భాష తెలిసిన శ్రోతలు అక్కడే ఒకచోట దొరుకుతారు.

10. విడుదల రోజు, ఆ తర్వాత

పాట వచ్చిందా అని కాదు, మీ పేజీలోనే వచ్చిందా అని చూడండి. వరుస, పేర్లు, రచయిత వివరాలు పట్టికతో పోల్చండి. సాహిత్యాన్ని మ్యూజిక్స్‌మ్యాచ్ అనే పాటల సాహిత్యపు సైటులో తెలుగు లిపిలో చేర్చండి, స్పాటిఫైలో కనిపించే సాహిత్యం అక్కడి నుంచే వెళ్తుంది. పేరులో తప్పు దొర్లితే పాటను తొలగించి మళ్ళీ ఎక్కించకుండా డిస్ట్రిబ్యూటర్ చేతనే దిద్దించండి.

సాహిత్యం, బాణీల రాయల్టీ కోసం 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్‌లో (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో) సభ్యత్వం తీసుకోండి. సభ్యత్వం తీసుకుని ఊరుకుంటే ఫలితం లేదు, ఒక్కో పాటనూ వాటాల శాతంతో నమోదు చేయాలి. వాటాలన్నీ కలిపి 100 అయ్యాయో లేదో కూడి చూసుకోండి.

మొదటి లెక్కలు డిస్ట్రిబ్యూటర్ నుంచి రెండు మూడు నెలల తర్వాత వస్తాయి. స్పాటిఫైలో గత 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు డబ్బు రాదు కాబట్టి కొన్ని పాటల ఎదుట సున్నా కనిపిస్తే కంగారు పడవద్దు. లెక్కల పత్రంలోని ఐఎస్‌ఆర్‌సీలను మీ పట్టికతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. యాప్‌లో మోగుతున్న పాట పత్రంలో అసలే లేకపోతే, ఆ సంఖ్యనూ పాట లింకునూ జతచేసి డిస్ట్రిబ్యూటర్‌కు ఆ వారంలోనే ఫిర్యాదు పంపండి.